శంషాబాద్ ఎయిర్‌పోర్టు రైలుకు డబ్బు ఎవరు పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నాగోల్‌లో ఉంటాను. ఎయిర్‌పోర్టు మెట్రో మాట పేపర్లో కనబడిన రోజల్లా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే లొల్లి. "ప్రైవేటుకిచ్చేస్తే రెండేళ్లలో లేపేస్తారు" అని కొందరు, "ప్రైవేటుకిస్తే మన జేబులు లేపేస్తారు" అని కొందరు. అవే ప్రశ్నలు, అవే జవాబులు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ముందే చెప్పేస్తా, ఇందులో నాకూ స్వార్థం ఉంది. ఇప్పుడు అనుకుంటున్న లైను మా నాగోల్ నుంచే మొదలవుతుంది.

ఇప్పుడు ఎయిర్‌పోర్టుకి రైల్లో వెళ్లే దారే లేదా?

లేదు. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చి 23న మొదలైంది. అప్పట్నుంచీ దానికోసం మనం కట్టుకున్నవన్నీ రోడ్లే. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, నగరం చుట్టూ ఔటర్ రింగు రోడ్డు, వాటి మీద ఆర్టీసీ ఎయిర్‌పోర్టు బస్సులైన పుష్పక్‌లు, క్యాబ్‌లు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉందానగర్ వరకూ వస్తుంది, శంషాబాద్ ఊరికి అది చాలు. కానీ రెండు పెద్ద సూట్‌కేసులతో అక్కడ దిగి ఆటో బేరమాడి టెర్మినల్‌కి చేరేవాళ్లను నేనింకా చూడలేదు.

2022లో శంకుస్థాపన చేశారు కదా, అదేమైంది?

2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మైండ్‌స్పేస్ దగ్గర పునాదిరాయి వేశారు. రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకి 31 కిలోమీటర్లు, రూ.6,250 కోట్లు. నానక్‌రాంగూడ, నార్సింగి, రాజేంద్రనగర్ మీదుగా, తక్కువ స్టేషన్లతో వేగంగా పోయే లైను. డబ్బంతా రాష్ట్ర ప్రభుత్వ ఖజానాదేనని చెప్పారు. ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం మారింది. 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి సర్కారు ఆ దారిని పక్కనపెట్టి, పాతబస్తీ వైపు నుంచీ ఎల్బీనగర్ వైపు నుంచీ వెళ్లే దారి చూడమంది. ఐటీ కారిడార్‌లో ఉండేవాళ్లకు ఔటర్ ఎలాగూ దగ్గరే అన్నది వాళ్ల వాదన. నాగోల్‌వాణ్ణి కాబట్టి నాకది సబబుగానే తోచింది. గచ్చిబౌలిలో ఉండే మా బావమరిదికి మాత్రం ఇప్పటికీ కోపమే.

ఇప్పటి ప్రతిపాదనలో డబ్బు ఎవరెవరిది?

మెట్రో రెండో దశలో ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, రూ.24,269 కోట్లు. అందులో నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా ఎయిర్‌పోర్టుకి వెళ్లేది 36.8 కిలోమీటర్లు. 2024 నవంబరులో రాష్ట్రం కేంద్రానికి పంపిన లెక్క ఇది: రాష్ట్రం వాటా రూ.7,313 కోట్లు, కేంద్రం వాటా రూ.4,230 కోట్లు, జపాన్ సంస్థ జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు లాంటి వాటి నుంచి అప్పు రూ.11,693 కోట్లు, మిగిలిన రూ.1,033 కోట్లు ప్రైవేటు భాగస్వామ్యంతో.

అంటే ప్రైవేటు పాలు నూటికి నాలుగు. దాదాపు సగం అప్పు. మా గ్రూపులో ప్రైవేటా, సర్కారా అని కొట్టుకునేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

కిలోమీటరుకు సగటున రూ.318 కోట్లు పడుతోంది. 2022 లెక్క కిలోమీటరుకు రూ.200 కోట్ల పైచిలుకు. మెట్రో కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుందే కానీ తగ్గదు. స్టేషన్లు ఎక్కువైనా పెరుగుతుంది, భూగర్భంలోకి దిగినా పెరుగుతుంది.

ప్రైవేటువాళ్లు తమ డబ్బు పెట్టి కట్టుకుంటామంటే ప్రభుత్వానికి పోయేదేముంది?

అందరూ అడిగేది ఇదే. కాస్త ఓపిగ్గా చదవండి.

చిట్టీ కట్టేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రెండో నెలలోనే పాట పాడి ఎత్తుకుంటే డబ్బు చేతికొస్తుంది. అయితే పాట పోగా వస్తుంది, ఆ తర్వాత చివరి నెల దాకా వాయిదాలు తప్పవు. ప్రైవేటు పెట్టుబడి కూడా అంతే. ఈ రోజు అవసరమైన సొమ్ము ముందుగా తెచ్చిపెడతారు. దాన్ని వడ్డీతో, లాభంతో తిరిగి రాబట్టుకోవడానికి ముప్పై, ముప్పై అయిదేళ్లు ఒప్పందం రాయించుకుంటారు.

రాబట్టుకునే జేబులు నాలుగే. ఒకటి, ప్రయాణికుడి టికెట్. రెండు, పన్నులు, అంటే ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు. మూడు, స్టేషన్ల పక్కన ఇచ్చే భూమి. నాలుగు, విమాన టికెట్‌లో కలిపేసే రుసుం. ప్రభుత్వం కట్టినా ఈ నాలుగు జేబులే. అయిదో జేబంటూ ఎవరి దగ్గరా లేదు. కాబట్టి డబ్బు ఎవరిదని అడిగి ఊరుకుంటే లాభం లేదు. అనుకున్నంత మంది రైలెక్కకపోతే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, టికెట్ ధర ఎవరి చేతిలో ఉంటుంది, ఈ రెండూ అడగాలి.

వడ్డీలో అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. లెక్క కోసం రూ.1,000 కోట్ల అప్పు తీసుకుందాం. ప్రైవేటు కంపెనీ బ్యాంకు నుంచి 11 శాతానికి తెచ్చిందనుకోండి, ఏడాది వడ్డీ రూ.110 కోట్లు. అదే సొమ్ము ప్రభుత్వ హామీతో విదేశీ సంస్థ నుంచి 2 శాతానికి వస్తే రూ.20 కోట్లు. రోజుకు 30 వేల మంది ఎక్కుతారనుకుంటే ఏడాదికి దాదాపు కోటీ పది లక్షల ప్రయాణాలు. ఒక్కో ప్రయాణం మీద పడే వడ్డీ మొదటి పద్ధతిలో వంద రూపాయలు, రెండో పద్ధతిలో పద్దెనిమిది. ఇది వడ్డీ మాత్రమే. అసలు, కరెంటు, జీతాలు ఇంకా కలపలేదు.

అయితే విదేశీ అప్పులో ఒక మెలిక ఉంది. రూపాయి విలువ పడిపోతే తీర్చాల్సింది పెరుగుతుంది. అయినా ఆ తేడాను మింగేంత పెరగాలంటే రూపాయి ఏటా ఘోరంగా పడుతూ పోవాలి.

మన మెట్రో ప్రైవేటుదే కదా? బ్రహ్మాండంగా నడుస్తోందిగా?

రైళ్లు బాగా నడుస్తున్నాయి, ఆ మాట కాదనను. రోజూ ఎక్కేవాణ్ణి, శుభ్రంగా ఉంటాయి, టైముకొస్తాయి. ఒప్పందం నడిచిన తీరే వేరే కథ. ఎయిర్‌పోర్టు రైలు గురించి మాట్లాడాలంటే ఈ కథ తెలియాలి.

2008లో తొలిసారి టెండరు మేటాస్ నేతృత్వంలోని కూటమికి వెళ్లింది. మామూలుగా మెట్రో కట్టేవాళ్లు ప్రభుత్వాన్ని గ్రాంటు అడుగుతారు. వీళ్లు మాకు పైసా వద్దు, మేమే ఎదురు రూ.30,311 కోట్లు కడతాం అన్నారు. మెట్రో కట్టి ఎదురు డబ్బివ్వడం ఏమిటని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ అప్పుడే ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. ఇది రైలు ప్రాజెక్టు కన్నా భూముల వ్యాపారంలా ఉందన్నది ఆయన హెచ్చరిక సారాంశం. ఆయన మీద అప్పటి రాష్ట్ర ప్రభుత్వం విరుచుకుపడింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, మేటాస్ కూడా సత్యం అధిపతి కుటుంబానిదే, ఆ ఏడాదే ఒప్పందం రద్దయింది.

2010లో మళ్లీ టెండరు. ఈసారి ఎల్ అండ్ టీ. ఎదురివ్వడం పోయి, ప్రభుత్వమే ఖర్చుకూ రాబడికీ మధ్య లోటు పూడ్చడానికి రూ.1,458 కోట్ల గ్రాంటు ఇచ్చేలా ఖరారైంది. దాంతోపాటు వ్యాపార సముదాయాలు కట్టుకోవడానికి 269 ఎకరాలు. రాబడిలో సగం టికెట్ల నుంచి, 45 శాతం మాల్స్, ఆఫీసుల అద్దెల నుంచి, మిగిలిన అయిదు ప్రకటనల నుంచి వస్తుందని అంచనా. అంటే మెట్రో బతకాలంటే పంజాగుట్టలో మాల్ కిటకిటలాడాలి!

2017 నవంబరులో మియాపూర్, నాగోల్ మధ్య తొలి రైలు నడిచింది. అనుకున్న గడువు దాటిపోయింది, ఖర్చు పెరిగింది. 2020లో కరోనా అయిదున్నర నెలలు రైళ్లను ఆపేసింది. ఆ తర్వాత ఇంటి నుంచి పని. నష్టాలు పేరుకున్నాయి. 2025 మే నెలలో గరిష్ఠ ఛార్జీ రూ.60 నుంచి రూ.75కి పెంచారు, జనం గోల చేశాక వారంలోనే రూ.69కి దించారు. చివరికి 2025 సెప్టెంబరులో మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. దాదాపు రూ.13,000 కోట్ల అప్పు తన నెత్తిన వేసుకుని, కంపెనీ వాటాకు మరో రూ.2,000 కోట్లు ఇచ్చేలా.

ఎదురు ముప్పై వేల కోట్లిస్తామన్న మాటతో మొదలై, మనమే పదిహేను వేల కోట్లు మోసే దగ్గరకి చేరింది. పదిహేడేళ్లు పట్టింది. ఎవరో మోసం చేశారని అనడం లేదు. ఎల్ అండ్ టీ నిజంగానే సొంత డబ్బు పోగొట్టుకుంది. కానీ లక్షల మంది రోజూ ఎక్కే రైలును ఏ ప్రభుత్వమూ మూసేయనివ్వదు. ఆ సంగతి సంతకం పెట్టే రోజునే ఇద్దరికీ తెలుసు. నష్టం ప్రైవేటుదే అని కాగితం మీద ఎంత గట్టిగా రాసుకున్నా అది ఒక హద్దు దాకానే.

ఢిల్లీలో ఎయిర్‌పోర్టు లైను ప్రైవేటు వాళ్లే నడిపారట, నిజమేనా?

నిజమే. మనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. న్యూఢిల్లీ స్టేషన్ నుంచి ద్వారక దాకా 22.7 కిలోమీటర్లు. సొరంగాలు, వంతెనలు ఢిల్లీ మెట్రో సంస్థ కట్టింది. పట్టాలు, సిగ్నళ్లు, రైళ్లు రిలయన్స్ ఇన్‌ఫ్రా కంపెనీ పెట్టి, 2011 ఫిబ్రవరి నుంచి నడిపింది. ఎక్కేవాళ్లు అంచనాలో ఏ మూలకూ రాలేదు. 2012 జులైలో వంతెన దూలాల కింద ఉండే బేరింగుల్లో లోపాలు బయటపడి రైళ్లు ఆగిపోయాయి. 2013 జనవరిలో మళ్లీ తిరిగాయి కానీ జూన్ నెలాఖరుకల్లా కంపెనీ చేతులెత్తేసింది. జులై 1 నుంచి ప్రభుత్వ సంస్థే నడుపుతోంది.

ఇక్కడితో అయిపోలేదు. కట్టడం లోపం మీదే అని కంపెనీ మధ్యవర్తుల దగ్గరికి పోయింది. 2017లో ఢిల్లీ మెట్రో సంస్థ ఆ కంపెనీకి రూ.2,782 కోట్లు, వడ్డీ అదనంగా కట్టాలని తీర్పు. 2021లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వడ్డీతో కలిసి అది రూ.8,000 కోట్ల దాకా పాకింది. 2024 ఏప్రిల్‌లో అదే సుప్రీంకోర్టు, క్యూరేటివ్ పిటిషన్‌లో, అంటే అన్ని దారులూ మూసుకున్నాక తీర్పు సరిదిద్దమని వేసే చివరి పిటిషన్‌లో, తన పాత తీర్పును తానే కొట్టేసింది. రెండేళ్లు నడిపిన రైలుకు పదేళ్లు దాటిన కోర్టు తగాదా.

ఒక్క చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వ సంస్థ చేతికొచ్చాక ఛార్జీలు బాగా తగ్గించారు. జనం పెరిగారు. పట్టాలు అవే, రైళ్లు అవే.

విదేశాల్లో ఎలా చేశారు?

కెనడాలోని టొరంటో ఎయిర్‌పోర్టు రైలు కథ నాకు బాగా ఇష్టం. ముందు అక్కడా ప్రైవేటు కంపెనీ తన డబ్బుతో కడతానంది. ఏళ్ల తరబడి లెక్క కుదరక 2010లో ప్రభుత్వ సంస్థ మెట్రోలింక్స్ తీసుకుంది. 2015 జూన్‌లో రైలు మొదలైంది. కానీ ప్రభుత్వం కూడా ప్రైవేటు బుర్రతోనే ఆలోచించి టికెట్ 27.50 డాలర్లు పెట్టింది. రైళ్లు ఖాళీగా తిరిగాయి, పేపర్లు ఏకిపారేశాయి. తొమ్మిది నెలలకే, 2016 మార్చిలో, 12 డాలర్లకు దించారు. ఆ తర్వాత జనం ఎక్కారు. ప్రభుత్వ డబ్బయినంత మాత్రాన తెలివి దానంతటదే రాదని చెప్పడానికే ఇది రాశా.

లండన్‌లో హీత్రో ఎక్స్‌ప్రెస్‌ను 1998లో విమానాశ్రయ కంపెనీయే సొంత డబ్బుతో పెట్టింది. పదిహేను నిమిషాల్లో చేరుస్తుంది, దాదాపు పాతిక పౌండ్లు గుంజుతుంది. అది సాగిందంటే కంపెనీ జీతాల మీద తిరిగే బిజినెస్ ప్రయాణికులు ఉండబట్టే. మామూలు జనానికి 1977 నుంచే భూగర్భ రైలు ఉంది, 2022లో ఎలిజబెత్ లైనూ వచ్చింది. ఖరీదైనదొకటి, చవకైనవి రెండు. మనకు మొదటిదే ఇంకా లేదు.

సిడ్నీలో 2000లో ఒలింపిక్స్ ముందు ఎయిర్‌పోర్టు లైను స్టేషన్లు ప్రైవేటుకిచ్చారు. నెలల్లోనే కంపెనీ దివాలా దారి పట్టింది. ఎయిర్‌పోర్టు స్టేషన్లో దిగితే ఇప్పటికీ అదనపు రుసుం కట్టాలి.

ఎక్స్‌ప్రెస్ కావాలా, మామూలు మెట్రో సరిపోతుందా?

ఎయిర్‌పోర్టుకి రోజూ వెళ్లేది ఎవరు? విమానం ఎక్కేవాళ్లని అనుకుంటాం. వాళ్లు ఏడాదికి ఒకసారో, నాలుగుసార్లో పోతారు. రోజూ, నెలకు ఇరవై ఆరు రోజులు, పోయేది అక్కడ పనిచేసేవాళ్లు. తెల్లవారుజామున అయిదింటికి ఆరాంఘర్ చౌరస్తాలో నిలబడి చూడండి. మెడలో ఐడీ కార్డు తిరగేసి జేబులో దోపుకున్న కుర్రాళ్లు, జుట్టు ముడేసుకుని యూనిఫాం మీద స్వెట్టర్ వేసుకున్న అమ్మాయిలు, టిఫిన్ బాక్సు సంచి చేతికి తగిలించుకున్న హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు షేరింగ్ ఆటో కోసం ఎదురుచూస్తుంటారు. సామాన్లు మోసేవాళ్లు, కార్గో గోదాముల్లో పనిచేసేవాళ్లు, టీ కొట్టువాళ్లు. వీళ్లెవరూ రూ.300 టికెట్ కొని ఎక్స్‌ప్రెస్ ఎక్కరు.

అందుకే నా ఓటు మామూలు మెట్రోకి. ఇప్పటి ప్రతిపాదనలో ఎయిర్‌పోర్టు లైనులో 24 స్టేషన్లు. వేగం తగ్గుతుంది, నిజం. కానీ ప్రతి స్టేషన్లో ఎక్కేవాళ్లూ ఉంటారు. ఎయిర్‌పోర్టు ఒక్కదాన్నే నమ్ముకున్న లైను ఢిల్లీలో ఎలా మునిగిందో పైన చూశాం. సగం దారి నుంచి ప్రతి రెండో రైలు కొన్ని స్టేషన్లలో ఆగకుండా పోయేలా చేయొచ్చా అంటే, మధ్యలో దాటుకుపోయే అదనపు పట్టా ముందే కట్టుకుంటే చేయొచ్చు. తర్వాత కడదామంటే కుదరదు.

రాత్రి విమానాలకు మెట్రో పనికొస్తుందా?

ఇప్పటి టైమింగ్స్‌తో అయితే రాదు. మన మెట్రో ఉదయం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. జగిత్యాల నుంచో కామారెడ్డి నుంచో దుబాయికి పోయే మనిషి సాయంత్రం జేబీఎస్ బస్టాండులో దిగుతాడు. వెంట భార్య, తమ్ముడు, మేనమామ, ఇద్దరు పిల్లలు. తాడుతో కట్టి, పైన మార్కర్‌తో పేరు రాసిన అట్టపెట్టె. పోయేటప్పుడు అందరూ కలిసి మెట్రోలో పోతారు. సాగనంపి ఒంటిగంటకు వెనక్కి తిరిగేటప్పుడు రైలుండదు. ఎయిర్‌పోర్టు లైనుకు రాత్రి గంటకొక రైలైనా నడపాలి. పట్టాల మరమ్మతు రాత్రిళ్లే చేస్తారు కాబట్టి అంత తేలిక కాదు, ఖర్చూ పెరుగుతుంది. లాభం చూసుకునే కంపెనీ రాత్రి ఖాళీ రైలు నడపదు. ఒప్పందంలో రాసి, ఆ ఖర్చు ప్రభుత్వం ఇస్తేనే నడుపుతుంది.

విమానాశ్రయం కంపెనీయే ఎందుకు పెట్టకూడదు?

కొంత పెట్టాలి, పెట్టించాలి. మన విమానాశ్రయమే పీపీపీ, అంటే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం. జీఎంఆర్ చేతిలో 74 శాతం, విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు 13, రాష్ట్రానికి 13. దాదాపు 5,500 ఎకరాలు ప్రభుత్వం ఇచ్చినవే. 2023-24లో అక్కడి నుంచి రాకపోకలు సాగించినవాళ్లు రెండున్నర కోట్ల మంది. బెంగళూరులో విమానాశ్రయ కంపెనీ తన ఆవరణలోని స్టేషన్ల ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది. ఇక్కడా అడగొచ్చు.

రెండు చిక్కులు మాత్రం మరిచిపోవద్దు. విమానాశ్రయానికి పార్కింగు నుంచీ, క్యాబ్‌ల నుంచీ మంచి రాబడి ఉంది. రైలొస్తే అది తగ్గుతుంది. తన రాబడికి గండి కొట్టే రైలుకు ఎవరైనా ఎంత ఉత్సాహంగా డబ్బిస్తారో మీరే ఊహించండి. రెండోది, కంపెనీ పెట్టిన సొమ్మును విమానాశ్రయ పెట్టుబడిగా లెక్కగట్టడానికి నియంత్రణ సంస్థ ఒప్పుకుంటే, అది వినియోగ రుసుం రూపంలో విమాన టికెట్‌లోకే వస్తుంది. క్యాబ్‌లో వచ్చినవాడూ రైలుకు కడతాడన్నమాట. అది అన్యాయమని నేననను. కానీ దాన్ని కంపెనీ దానం అని మాత్రం అనొద్దు.

భూముల విలువ పెరుగుతుంది కదా, దాంతోనే కట్టలేమా?

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం రూ.100.75 కోట్లకు పోయింది. ఇక తుక్కుగూడ, ఆదిభట్ల వైపు రియల్ ఎస్టేట్ కరపత్రాలు చూడండి, ఎక్కడా లేని మెట్రోకి "పది నిమిషాల దూరం" అని అచ్చు వేసేస్తారు. రైలు మాట వినగానే గజం ధర పెరుగుతుంది, ఆ పెరిగింది ప్లాటు యజమానికి పోతుంది. రైలు ఖర్చు మాత్రం అందరిదీ.

హాంకాంగ్‌లో రైలు సంస్థకే స్టేషన్ పక్క స్థలాల హక్కులిస్తారు. అందులో పెద్ద వాటాదారు ప్రభుత్వమే కాబట్టి లాభం ఇంట్లోనే ఉంటుంది. ఇక్కడ అదే పని ప్రైవేటుకిస్తే శ్రీధరన్ హెచ్చరించిన చోటికే వస్తాం. నా మాట వింటే, స్టేషన్ చుట్టుపక్కల అదనపు అంతస్తుల అనుమతులకు రుసుం పెట్టి, ఆ సొమ్ము నేరుగా మెట్రో ఖాతాలో వేయాలి. మామూలు ఖజానాలో పడితే ఎటు పోతుందో మనందరికీ తెలుసు.

ప్రభుత్వం కడితే ఎప్పటికి పూర్తవుతుంది? ఎంఎంటీఎస్ రెండో దశ చూశాంగా?

చూశాం. కాదనలేని ఉదాహరణ. రూ.816 కోట్ల పని, మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే. రాష్ట్రం వాటా సరిగ్గా అందక ఏళ్లు ఈడ్చుకుంది. ఫలక్‌నుమా, ఉందానగర్ మధ్య లైను 2023 ఏప్రిల్‌లో గానీ మొదలవలేదు. ఇద్దరూ ప్రభుత్వాలే, ఇద్దరికీ లాభాపేక్ష లేదు, అయినా పని జరగలేదు. కాబట్టి వాటాలు బడ్జెట్ కాగితంలో రాస్తే చాలదు, డబ్బు ముందే విడిగా ఖాతాలో పడాలి. ప్రైవేటుకివ్వమనే నా మిత్రుల దగ్గర ఉన్న బలమైన వాదన ఇదొక్కటే. అది నిజంగానే బలమైంది.

అయితే ప్రైవేటుకు చోటే లేదంటారా?

ఎందుకు లేదు? సివిల్ పనులు ఎవరు చేసినా చేసేది ప్రైవేటు కాంట్రాక్టర్లే. టికెట్ గేట్లు, రైళ్ల నిర్వహణ, షాపులు, ప్రకటనలు టెండర్లలో ఇవ్వొచ్చు. ఔటర్ రింగు రోడ్డునే చూడండి. ప్రభుత్వ డబ్బుతో కట్టి, వాహనాల లెక్క తేలాక, 2023లో 30 ఏళ్లకు రూ.7,380 కోట్లకు లీజుకిచ్చారు. తక్కువకిచ్చారని గొడవ జరిగింది, అది వేరే సంగతి. ఎంతమంది ఎక్కుతారో తెలియనప్పుడు అమ్మితే భయానికి కూడా ధర కట్టాలి. తెలిశాక అమ్మితే ఆ బెడద లేదు.

నేను విమానమే ఎక్కను. నా పన్నుతో ఎందుకు?

మీరు ఎల్బీనగర్ నుంచి చాంద్రాయణగుట్టకు వెళ్తారా? వెళ్తే ఈ లైను మీదే. వెళ్లకపోతే మీ ప్రశ్న న్యాయమైనదే. అందుకే టెర్మినల్ స్టేషన్లో దిగేవాళ్లకు కాస్త అదనపు ఛార్జీ, అక్కడి ఉద్యోగులకు పాస్ పెట్టమంటాను.

టికెట్ ఎంతుంటే బాగుంటుంది?

నలుగురు కలిసి వెళ్తే క్యాబ్‌తో పోల్చి చూసుకుంటారు. నాగోల్ నుంచి క్యాబ్‌కు నాకు వెయ్యి అటూ ఇటూ అవుతుంది. మనిషికి రూ.250 అయితే నలుగురూ క్యాబే ఎక్కుతారు, గుమ్మం ముందుకొస్తుంది కదా. రూ.100 అయితే రైలు గురించి ఆలోచిస్తారు.

ఒప్పందం కాగితం బయటికొస్తే ముందు ఏం చూడాలి?

అంచనా కన్నా జనం తగ్గితే లోటు ఎవరు పూడుస్తారన్న నిబంధన మొదట వెతకండి. తర్వాత ఛార్జీలు ఎవరు నిర్ణయిస్తారో, ఏటా ఎంత పెంచుకోవచ్చో చూడండి. 2002 మెట్రో చట్టం ప్రకారం ఛార్జీల కమిటీ ఉంటుంది, దాని మాటకు విలువ ఉందో లేదో ఒప్పందంలో తేలుతుంది. మూడోది, కంపెనీ మధ్యలో వదిలేస్తే దాని అప్పు ఎవరు తీర్చాలి. ఢిల్లీలో కోర్టు దాకా వెళ్లింది ఈ లెక్కే. నాలుగోది, పుష్పక్ బస్సులు తగ్గించాలనో, పోటీగా మరో రైలు వేయొద్దనో ఎక్కడైనా రాశారా? విమానాశ్రయం ఒప్పందంలో చుట్టూ 150 కిలోమీటర్లలో మరో ఎయిర్‌పోర్టు రాకూడదన్న షరతు ఉందన్న సంగతి జనానికి చాలా ఆలస్యంగా తెలిసింది. అలాంటివి అనుబంధాల్లో, చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటాయి.